నలభై సెకన్ల తేడా

నిద్ర పరీక్షల గది ఆస్పత్రి రెండో అంతస్తులో, మెట్ల పక్కనే ఉంది. ఒక బల్ల, ఒక కంప్యూటర్, గోడ మేకులకి వరసగా వేలాడే జిప్పు సంచులు. ఒక్కో సంచిలో ఒక్కో యంత్రం. ఇంటికి పట్టుకెళ్ళి, ఒంటికి తగిలించుకుని పడుకుని, పొద్దున్నే తెచ్చి ఇచ్చేయాలి. అంతే పరీక్ష. సూది లేదు, రక్తం లేదు.

"చేతికి గడియారం, వేలికి తొడుగు, గొంతు కింద ఈ బిళ్ళ," అంటూ టెక్నీషియన్ అమ్మాయి ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టింది. "వేలి తొడుగు నాడి చూస్తుంది. ఊపిరి ఎప్పుడు ఆగిందో, ఎంతసేపు ఆగిందో గడియారంలోకి ఎక్కుతుంది. బిళ్ళేమో అంకుల్ ఎటు తిరిగి పడుకున్నారో, ఒంటికి ఎప్పుడు కుదుపు వచ్చిందో రాసుకుంటుంది."

"నా పెళ్ళికి కూడా ఇన్ని పెట్టలేదమ్మా నాకు," అన్నాడాయన.

బయట ఇంకా ఏడుగురు కూర్చుని ఉన్నారు. ఆ అమ్మాయి తన ఫోన్ చూసి గడియారానికి టైము పెట్టింది. బిళ్ళని చార్జర్ నుంచి ఊడదీసి సంచిలో వేసేసింది. అన్నీ అయిపోయాక ఆయన భార్య వైపు తిరిగింది.

"ఆంటీ, ముఖ్యమైన మాట. రాత్రి మీరు అంకుల్ని ముట్టుకోకూడదు. గురక పెట్టినా, ఊపిరి ఆగినట్టు అనిపించినా సరే. మీరు లేపితే మాకు లెక్క తప్పిపోతుంది."

ఆవిడ ఆ మాట చీటీ మీద రాసుకుంది. ఈ మధ్య ఆవిడ ఏదైనా రాసుకోకుండా నమ్మడం లేదు. పోయిన వారం కళ్ళజోడు ఫ్రిజ్‌లో దొరికింది. అంతకు ముందు టీ గిన్నె మాడి మసైపోయి, పక్కింటివాళ్ళు తలుపు కొట్టేదాకా ఆవిడకి గుర్తే లేదు. ముప్ఫై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి, వందల నంబర్లు నోటికి చెప్పిన మనిషి. ఆ ఉద్యోగం వల్లే మొగుడు ఆవిడని ఇప్పటికీ 'హలో' అని పిలుస్తాడు.

"హలో, రాసుకున్నావా? ఆ చీటీ ఎక్కడ పెట్టావో ఇంకో చీటీ మీద రాసుకో," అన్నాడాయన.

గురకకి ఆ ఇంట్లో నలభై ఏళ్ళ వయసు. దానివల్ల ఎవరూ డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. వెళ్ళింది మీసం వల్ల.

ఆయనకి వీధి చివర సెలూన్ ఉంది. రెండు కుర్చీలు, నాలుగు అద్దాలు. పోయిన నెల మధ్యాహ్నం వేళ ఓ పాత గిరాకీకి గడ్డం గీస్తూ, కత్తి చేతిలో ఉండగానే నిలబడి కునుకు తీశాడు. ఆ మనిషి ఇరవై ఏళ్ళుగా దువ్వుకుంటున్న మీసం సగం ఎగిరిపోయింది. "మీసంతో పోయింది, మెడ దాకా రాలేదు," అన్నాడట ఆ మనిషి అద్దంలో చూసుకుని. వీధంతా చెప్పుకుని నవ్వుకుంది. ఆవిడకి మాత్రం నవ్వు రాలేదు. డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. డాక్టరు ఆయన మెడ చుట్టుకొలత చూసి, నోట్లోకి లైటు వేసి చూసి, "నిద్రలో ఊపిరి దారి మూసుకుపోతోంది. ఇప్పటిదాకా మళ్ళీ తెరుచుకుంటోంది. ఏదో ఒక రాత్రి తెరుచుకోకపోవచ్చు," అన్నాడు.

ఆ మాట రాసుకోకుండానే ఆవిడకి గుర్తుండిపోయింది.

నిజానికి అది ఆవిడకి కొత్త మాట కాదు. పెళ్ళైన వారానికే అత్తగారు వంటింట్లోకి పిలిచి చెప్పింది. "వాడికి చిన్నప్పటి నుంచీ నిద్రలో ఊపిరి బిగుసుకుంటుంది. ఇన్నాళ్ళూ నేను కాచుకున్నాను. ఇక నీ వంతు. ఆగిందనిపిస్తే మోచేత్తో డొక్కలో పొడు, మళ్ళీ వస్తుంది." ఆవిడ తలూపింది. అప్పటి నుంచీ పొడుస్తూనే ఉంది. అత్తగారు పోయి కూడా ఇరవై ఏళ్ళైంది.

మొదటి రాత్రి ఆవిడ ఆయన పక్కనే పడుకుంది. లైటు తీసేశాక చేతి గడియారం మీద ఆకుపచ్చ చుక్క ఒకటి వెలిగి ఆరుతూ ఉంది. గదిలో ఆయన తలకి రాసుకునే నూనె వాసన, కిటికీ అవతల ఎవరిదో పంపు కారుతున్న చప్పుడు. పది నిమిషాల్లో గురక మొదలైంది. గరగరా పైకి లేచి, సన్నబడి, ఠక్కున తెగింది.

ఆవిడ రెండు చేతులూ దిండు కింద పెట్టుకుంది. ముట్టుకోకూడదు... ముట్టుకోకూడదు... ఊపిరి రాలేదు. ఇంకా రాలేదు. చెయ్యి దానంతట అదే వెళ్ళి పొడిచింది. ఆయన పెద్దగా గుటక వేసి గాలి పీల్చాడు. అలా ఆ రాత్రి మూడుసార్లు చెయ్యి మాట వినలేదు. మూడోసారి అయ్యాక తనమీద తనకే కోపం వచ్చి, గోడ గడియారం ఒంటిగంట కొట్టడం విని, నిద్రపోయింది.

పొద్దున్న టెక్నీషియన్ అమ్మాయి కంప్యూటర్‌లో గీతలు చూస్తూ మూతి ముడిచింది.

"ఆంటీ, చిలక్కి చెప్పినట్టు చెప్పాను కదా!"

"తప్పేనమ్మా. ఆగలేకపోయాను. మూడుసార్లు పొడిచాను."

"మూడా?" ఆ అమ్మాయి తెర ఇటు తిప్పింది. పైన ఒక గీత, అది ఆయన ఊపిరి. అక్కడక్కడా తెగి ఉంది. కింద మరో గీత, బిళ్ళ రాసుకున్నది. తెగిన ప్రతిచోటా ఆ కింది గీతలో ముల్లులాంటి ఒక కుదుపు. "ముప్ఫై ఎనిమిది, ఆంటీ. ఊపిరి ఆగిన ప్రతిసారీ పొడిచారు. తెల్లవారుజామున నాలుగున్నర దాకా."

"నేను ఒంటిగంటకే పడుకున్నాను."

ఈసారి ఆయన హాస్యమాడలేదు. దానికే ఆవిడకి ఎక్కువ భయం వేసింది. దోవలో ఆయన ఆవిడ సంచీ తను పట్టుకుని, "పోనీలే, నా పరీక్ష అయ్యాక నీకూ ఒకటి చేయిద్దాం," అన్నాడు మెల్లగా. ఏ పరీక్షో చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా.

అవే యంత్రాలతో పరీక్ష మళ్ళీ చేయాలన్నారు. రెండో రాత్రికి ఆవిడే ఏర్పాటు చేసింది. "నేను ముందు గదిలో పడుకుంటాను. మీరు లోపల గడియ పెట్టుకోండి. నేను తట్టినా, బతిమాలినా తియ్యకండి."

"నలభై ఏళ్ళకి ఈ మాట నీ నోటి నుంచి విన్నాను," అని ఆయన నవ్వుతూ లోపలికి వెళ్ళాడు. గడియ పడింది. ఆవిడ తలుపు నెట్టి చూసింది. కదల్లేదు. 'గడియ పడింది. నేను బయట ఉన్నాను' అని చీటీ మీద రాసి, టైము వేసింది.

తలుపు వారనే చాప పరుచుకుంది. ఎక్స్ఛేంజిలో అలవాటైన చెవి అది. వైరు చివర ఉన్న మనిషి మాట్లాడకపోయినా, ఉన్నాడో లేడో ఆ చెవికి తెలిసేది. ఉన్న నిశ్శబ్దం వేరు, లేని నిశ్శబ్దం వేరు.

గురక మొదలైంది. తలుపు సందులోంచి నూనె వాసన వస్తోంది. దానితోపాటు ఇంకేదో... చాలా రోజులు మూసి ఉంచిన పెట్టె తెరిస్తే వచ్చే వాసన.

లోపల మంచం కిర్రుమంది.

గురక ఆగింది.

ఆవిడ చీటీ మీద రాసుకుంది. పొడవడానికి లోపల ఎవరూ లేరు. గడియ పడి ఉంది. తలుపు బద్దలు కొట్టాలా... అనుకుంటుండగానే ఆయన గుటక వేసి గాలి పీల్చుకున్నాడు.

కాసేపటికి మళ్ళీ అదే. తర్వాత మళ్ళీ. చెవిని తలుపుకి ఆనించింది. కిర్రుమనేది మంచం మొత్తం కాదు. ఒక పక్కే. తను రోజూ పడుకునే పక్క.

భయం వేయాల్సిందే. కానీ ఆవిడకి ఎందుకో ఏడుపు వచ్చింది. నలభై ఏళ్ళ కింద వంటింట్లో విన్న మాట గుర్తొచ్చింది. తను పక్కన లేదని తెలిసి... వంతు తిరిగి తీసుకుందా?

తలుపుకి నోరు ఆనించి గుసగుసగా అడిగింది. "అత్తయ్యా... మీరేనా?"

లోపల గురక మధ్యలో మంచం కిర్రుమనడం ఆగిపోయింది. ఎవరో ఇటు తల తిప్పి విన్నట్టు. చాలాసేపు అలా ఉండి, మళ్ళీ ఒక్కసారి కిర్రుమంది. ఆవిడ కళ్ళు తుడుచుకుని, చాప మీద వాలి, ఎన్నాళ్ళకో హాయిగా నిద్రపోయింది.

పొద్దున్న గడియ లోపలి నుంచి ఆయనే తీశాడు. ఆస్పత్రిలో ఆయన్ని డాక్టరు లోపలికి పిలిచాడు. ఆవిడ టెక్నీషియన్ అమ్మాయి పక్కన కూర్చుంది.

"నలభై ఒకటి," అంది అమ్మాయి అయోమయంగా. "గడియ నిజంగా పెట్టారా ఆంటీ?"

ఆవిడ చీటీలు బల్ల మీద పెట్టింది. ఏదీ దాచుకోలేని మనిషి, నోట్లో నువ్వుగింజ నానదు. అత్తగారి సంగతి కూడా చెప్పేసింది. "నవ్వుకుంటే నవ్వుకో. పిల్లాడి ఊపిరి ఆగితే తల్లి ఊరుకుంటుందా? చచ్చినా ఊరుకోదు."

అమ్మాయి నవ్వలేదు. ఒక చీటీ తీసి చదువుతోంది. ఇంకోటి తీసింది. మూడోది తీసింది.

"ఆంటీ, ఇవి ఎప్పుడు రాశారు?"

"వింటూ వింటూనే. తర్వాతైతే మర్చిపోతానని."

"అన్నిట్లోనూ ఒకేలా రాశారు. 'కిర్రుమంది. ఆగింది. కిర్రుమంది. ఆగింది.'" చీటీ మీద వేలు పెట్టి తెర వైపు చూసింది. "ఇక్కడ తిరగేసి ఉంది. ముందు ఊపిరి ఆగుతోంది, తర్వాత కుదుపు."

"నేనే తప్పు రాసి ఉంటాను. నా బుర్ర సంగతి తెలిసిందే కదా."

అమ్మాయి సంచిలోంచి బిళ్ళ తీసి కంప్యూటర్‌కి తగిలించింది. గడియారాన్ని దాని పక్కన పెట్టింది. రెండిట్లోనూ టైము చూసింది. మొహంలో రంగు మారింది.

"తప్పు నాది. ఈ రెండిటి టైమూ ఒకటి చేసి పంపాలి. నేను గడియారానికి ఒక్కదానికే పెట్టాను. బిళ్ళ నలభై సెకన్లు ముందుంది ఆంటీ. అంటే... కుదుపులన్నీ నలభై సెకన్లు వెనక్కి జరగాలి."

ఏదో నొక్కింది. తెర మీద కింది గీత మెల్లగా ఎడమ వైపుకి జరిగింది.

ముళ్ళన్నీ వెళ్ళి ఊపిరి తెగిన చోటికి ముందు నిలబడ్డాయి. ఒక్కొక్కటీ. సరిగ్గా ఐదారు సెకన్ల ముందు. ముందు కుదుపు... తర్వాత ఊపిరి ఆగడం.

అమ్మాయి మొదటి రాత్రి గీత కూడా తెరిచి అలాగే జరిపింది. ముప్ఫై ఐదు ముళ్ళు ఊపిరి ఆగడానికి ముందుకి చేరాయి. మూడు మాత్రం ఊపిరి ఆగిన తర్వాతే ఉండిపోయాయి. ఆ మూడింటి తర్వాతే గీత త్వరగా లేచింది. మూడోది ఒంటిగంటకి పది నిమిషాల ముందు.

"ఇవి మీవి," అంది అమ్మాయి గుసగుసగా. "మీరు చెప్పింది నిజమే. మూడే. మీరేం మర్చిపోలేదు ఆంటీ."

ఒక్క క్షణం, ఒక్క క్షణమే, ఆవిడ గుండె తేలికపడింది. నేను మర్చిపోలేదు. నా బుర్ర బాగానే ఉంది. ఆ వెంటనే రెండో సంగతి అర్థమైంది.

లేపుతున్నది కాదు. ఆపుతున్నది.

రాత్రి తలుపుకి నోరు ఆనించి దాన్ని 'అత్తయ్యా' అని పిలిచింది. పిలిచి, దాని మీద భారం వేసి, హాయిగా నిద్రపోయింది.

"మెషీన్ ఇస్తారు. మాస్కు పెట్టుకుంటే గాలి దారి మూసుకుపోదు," అంటోంది అమ్మాయి, తనకి తెలిసిన మాటలు గబగబా వెతుక్కుంటూ. "రేపు పొద్దున్నే ఇంటికి వస్తుంది. ఈ ఒక్క రాత్రీ పక్కకి తిప్పి పడుకోబెట్టండి. ఊపిరి ఆగితే లేపండి. లేవకపోతే లెక్కపెట్టండి. అరవై దాటితే మాత్రం అంబులెన్సుకి ఫోన్ చేసేయండి. నా నంబరు కూడా రాసుకోండి." చీటీలు తిరిగి ఇస్తూ అంది, "ఒంటరిగా మాత్రం వదలొద్దు ఆంటీ."

ఆయన డాక్టరు గదిలోంచి బయటికి వచ్చాడు. "ఏంటి ఇద్దరూ? నా మీద కుట్రా? ఏనుగు తొండంలాంటి గొట్టం పెడతారట నాకు. గిరాకీలు దడుచుకోకుండా ఇంట్లోనే పెట్టుకోమన్నాడు."

ఆవిడ ఆయనకి ఏమీ చెప్పలేదు. నలభై ఏళ్ళలో మొదటిసారి ఒక మాట నోట్లో నాన్చింది.

మూడో రాత్రి ఆవిడ లైటు తియ్యనివ్వలేదు. "లైటుంటే నిద్ర ఎలా పడుతుందే?" అని సణిగిన మనిషికి రెండు నిమిషాల్లో నిద్ర పట్టేసింది. ఆవిడ ఫోన్ పక్కన పెట్టుకుని, తన చోట, ఆయన వైపు తిరిగి పడుకుంది. అది నిన్న రాత్రి తన చోట పడుకుంది. తను లేచి వెళ్ళింది కాబట్టి పడుకుంది. మొన్న తను నిద్రపోయాక... తోసుకుని వచ్చింది. ఇవాళ నిద్రపోదు. తన చోటు వదలదు. ఆయనకి అవతల ఉన్నది గోడే. గది చిన్నదని మంచం గోడకి ఆనించే వేశారు. వేలు దూరే సందు కూడా లేదు. ఇటు నేను, అటు గోడ. ఎటు నుంచి వస్తావు, రా.

పన్నెండు దాటింది. ఆయన గురక తెగకుండా నడుస్తోంది. ఒంటిగంట. ఒక్కసారి కూడా ఆగలేదు. రెండు. ఆవిడ ఆయన మొహం చూస్తూ ఉండిపోయింది. ఎన్నేళ్ళైందో ఇంత వెలుతుర్లో ఇంత దగ్గరగా చూసి. దవడ కింద ఆయన కత్తే గీసిన చిన్న గాటు. ఎప్పుడో నెరిసిపోయిన కనుబొమలు. రేపు మెషీన్ వచ్చేస్తుంది. ఇంకో నాలుగ్గంటలు. మూడున్నర గంటలు.

పాత పెట్టె వాసన వచ్చింది.

ఆవిడ వీపు వెనక్కి చూసింది. ఎవరూ లేరు. తలుపు మూసే ఉంది.

ఆయన ఒంట్లో ఒక కుదుపు.

ఆయన ఆవిడ మీదికి జరిగాడు. తనంతట తను జరగలేదు. డొక్క లోపలికి నొక్కుకుపోయి, మనిషి మొత్తం బెత్తెడు ఇటు వచ్చాడు. నెట్టింది... గోడ వైపు నుంచి.

గురక తెగింది.

"ఏమండీ." మోచేత్తో పొడిచింది. "ఏమండీ!" ఇంకోసారి. గట్టిగా. నలభై ఏళ్ళలో ఎన్నడూ పొడవనంత గట్టిగా. ఆయన గుటక వేయలేదు. భుజాలు పట్టుకుని ఊపింది. తల అటూ ఇటూ ఊగింది. పెదాలు కొంచెం తెరుచుకుని ఉన్నాయి. వాటి మధ్య గాలి లేదు.

లెక్కపెట్టాలి. పది... పదకొండు... ఊపుతూనే లెక్కపెట్టింది. ఇరవై. చెంప మీద కొట్టింది. ముప్ఫై. "లేవండీ, మీకు దండం పెడతాను, లేవండీ." ముప్ఫై... ముప్ఫై ఎంత? ముప్ఫై ఆరు. ముప్ఫై ఏడు. పెదాలు నీలంగా అవుతున్నాయి. నలభై అయిందా? అయింది. అయిందా? ఇప్పుడే కదా ముప్ఫై అంది... లేక అంతకు ముందా? ఫోన్ ఎప్పుడు చెయ్యాలి? ఎంత దాటితే అన్నారు? ఎక్కడిదాకా వచ్చాను?

బుర్ర పలకలా తుడిచిపెట్టుకుపోయింది. ఒక్క అంకె కూడా మిగల్లేదు.

"యాభై రెండు."

ఆ మాట ఆయన అవతలి నుంచి వచ్చింది. మెల్లగా, ఓపిగ్గా, పాఠం మర్చిపోయిన పిల్లకి అందించినట్టు.

ఆవిడ ఊపడం ఆపేసింది.

"యాభై మూడు."

అత్తగారి గొంతు ఆవిడకి బాగా గుర్తు. అది మర్చిపోలేదు. ఇది ఆ గొంతు కాదు.

"యాభై నాలుగు... యాభై ఐదు..."

ఫోన్ చేతికి ఆని ఉంది. వేళ్ళు కదలడం లేదు. ఆవిడ ఛాతీ మీద ఏదో బరువు పడి, గాలి సగంలోనే ఆగింది. ఆయన మొహం ఎంత దగ్గరుందో అంతే ఉంది. గోడకీ ఆయన భుజానికీ మధ్య వేలు దూరని సందులోంచి ఆ గొంతు ఒక్కో అంకె చెబుతోంది. తొందర లేదు. ఎన్నో రాత్రులుగా అలవాటైన పనిలాగా ఉంది.

"యాభై తొమ్మిది."

"అరవై."

లెక్క అక్కడ ఆగలేదు.